దీవికి నలుగురు

అపియా,
ఫిబ్రవరి 1994

గౌరవనీయురాలైన అక్కయ్య తెలేహాకు తమ్ముడు లుహియానో నమస్కరించి వ్రాయునది.

ఓడ క్షేమంగా చేరింది. మూడు దీవుల కుర్రవాళ్ళు పన్నెండుగురూ రేవులో దిగారు. మీ కుమారుడు ఫలానికో అందరికన్న చివర దిగాడు. మిగిలినవారి మూటలన్నీ ఒడ్డుకు చేరాయో లేదో చూచుకొని, అటుపిమ్మట తన మూట భుజాన వేసుకొన్నాడు. ఆ నడక దూరం నుండి చూచి బావగారే వస్తున్నారని భ్రమపడ్డాను. కౌగిలించుకొన్నప్పుడు వాడి బట్టల నుండి ఎండుకొబ్బరి వాసన వచ్చింది. ఈ ఊళ్ళోను కొబ్బరి ఉన్నది. ఆ వాసన మాత్రం లేదు.

ఉద్యోగ విరమణ చేసిన బడిపంతులుకు రగ్బీ జట్టును ఎందుకు అప్పగించారని ఇక్కడి మిత్రులు అడుగుతున్నారు. బడిలో ఏళ్ళ తరబడి పిల్లల చేత ఈ ఆట ఆడించినవాడిని. పైగా భార్య ఊరే నా ఊరైన నాటి నుండి, తొకెలావు నుండి వచ్చే ప్రతి పనికీ అపియాలో పెద్దదిక్కు నేనే అని మన పెద్దల సభ భావిస్తున్నది. కాదనడానికి మనసొప్పలేదు. మే నెలలో ఇక్కడ జరుగనున్న, జట్టుకు ఏడుగురే ఆడే దీవుల సెవెన్స్ పోటీకి ఫిజీ, సమోవా, టోంగా మొదలుకొని నియువే వరకు అందరూ వస్తారు. మనవాళ్ళు ఇంతకుమునుపు వచ్చిన ప్రతిసారీ ఆడిన ప్రతి ఆటా ఓడి తిరిగి వెళ్ళారు. ఈసారి ఒక్క ఆట గెలవాలని నా కోరిక. చిన్న కోరికే. కాని "తొకెలావా? అది ఎటువైపు?" అని అడిగేవారికి జవాబు చెప్పి చెప్పి నేను అలసిపోయాను.

జట్టులో దీవికి నలుగురు ఉండాలన్నది సభ తీర్మానం. మూడు దీవులలోను వేగంగా పరుగెత్తేవారిని ఏరుకొంటానని నేను కబురు పంపగా, అటాఫు దీవి పెద్ద ఒకాయన "వేగంగా పరుగెత్తేవాడికని చేపల్లో రెండు వాటాలు పెడుతున్నామా మాస్టారూ?" అన్నారట. దీవికి నలుగురినే పిలిపించాను.

కుర్రవాళ్ళు ఇంత వెడల్పైన గడ్డినేలను ఎన్నడూ చూడలేదు. తొలినాడు పరుగు పెట్టించగా ఫలానికో మైదానం కొస దాటి, కంచె దాకా వెళ్ళి, అక్కడ ఆగి వెనుదిరిగి చూచాడు. "మామయ్యా, ఇక్కడ నీళ్ళు అడ్డం రావేం? ఎక్కడ ఆగాలో తెలియట్లేదు" అన్నాడు. అందరూ గడ్డి మీద పడి నవ్వారు.

ఒక్క చిక్కు ఉన్నది. మేనమామను, వాడికి పెట్టవలసినవాడినే గాని వాడిని ఆజ్ఞాపించదగినవాడిని కాను. తక్కిన పదకొండుగురినీ పేరు పెట్టి గద్దిస్తాను. వాడి వద్దకు వచ్చేసరికి "అల్లుడూ, వీలు చూచుకొని ఇంకొంచెం పరుగెత్తరాదా" అంటాను. అటాఫు కుర్రవాళ్ళు ఆ మాటను పట్టుకొని రోజంతా ఒకరినొకరు "వీలు చూచుకొని ఆ నీళ్ళు అందించరాదా" అని ఆటపట్టించుకొంటున్నారు.

ఇక్కడ వానలు విస్తారంగా కురుస్తున్నవి.

ఇట్లు, మీ తమ్ముడు
లుహియానో


నుకునోను,
మార్చి 1994

తమ్ముడు లుహియానోను దీవించి అక్క తెలేహా వ్రాయడమేమంటే:

నీ ఉత్తరం అందింది. మీ బావకు చదివి వినిపించాను. వానల సంగతి దగ్గరకు రాగానే ఆయన లేచి వెళ్ళి వల బాగుచేసుకున్నారు. నీవు ప్రతి ఉత్తరం చివరా వాన గురించి రాస్తావు. ఇక్కడ నుండి చూస్తే మబ్బు మాకూ కనిపిస్తుంది.

ఊరంతా ఆట మాటే. ఎన్నడూ రగ్బీ చూడని ముసలివాళ్ళు కూడా గుడి ముందర ఇసుకలో గీతలు గీసి, ఎవరు ఎక్కడ నిలబడాలో వాదించుకుంటున్నారు. మీ బావ "మా వాడు గుద్దితే ఫిజీ వాళ్ళు ఇళ్ళకు పడుకునే పోతారు" అంటారు. పక్కింటి ముసలి హెలెనికి చెవుడు ముదిరింది కదా, "ఎవరు పోయారూ?" అని కేక పెట్టింది. పోలేదు, ఆటకు వెళ్ళారని చెప్పేసరికి నా గొంతు పోయింది. సావడిలోని రేడియోను తుఫాను కబురు వినడానికి తప్ప ముట్టుకోవద్దని పెద్దలు ఆంక్ష పెట్టారు. పోటీల నాటికి బ్యాటరీలు మిగలాలట.

ఫలానికో లేకపోవడం ఎక్కడ తెలుస్తున్నదో చెప్పనా? పంపకం దగ్గర. పడవలు వచ్చి చేపలు ఇసుక మీద పోసినప్పుడు, ఇంటింటికీ తలలు లెక్కగట్టి, తలకింత అని సమానంగా ఇనాతి వాటాలు వేయడం వాడి పని అని నీకు తెలుసు. ఆ పని ఇప్పుడు పెద్దపడవ సిమీకి అప్పగించారు. మొన్న పసిబిడ్డను ఒకదాన్ని మరచిపోయాడు. ఆ తల్లి వచ్చి "నా బిడ్డ మనిషి కాదా? రేపు పెద్దయ్యాక నీ వాటాలో ఎముకలు ఏరి పెడుతుంది చూడు" అని దులిపేసింది. ఫలానికో ఉండగా అట్లాంటి మాట ఎవరి నోటా రాలేదు. ఎవరికి అందలేదో వాడి కళ్ళకు ముందు కనిపిస్తుంది. తన వాటా సంగతి మాత్రం నేను వెళ్ళి గుర్తు చేయాలి. దానికి నేను గర్వపడతాను. నీకు తప్ప ఇంకొకరికి ఈ మాట రాయను.

సాయంత్రాలు చాప అల్లడానికి దక్షిణం వైపు ఒడ్డున కూర్చుంటున్నాను. నీవూ వాడూ ఉన్నది ఆ వైపే. నీరు తప్ప ఏమీ లేదు, అయినా ఆ వైపు తిరిగి కూర్చుంటే చేతులు చురుగ్గా సాగుతాయి.

వాడు ఎంత తింటున్నాడో రాయనక్కరలేదు. ఎవరితో నవ్వుతున్నాడో రాయి. నీవు ఎవరితో నవ్వుతున్నావో కూడా.

అక్క
తెలేహా


అపియా,
మార్చి నెలాఖరు

గౌరవనీయురాలైన అక్కయ్యకు నమస్కారములు.

వాన గురించి వ్రాయను. ఫలానికో అందరితోను నవ్వుతున్నాడు. ఆంటోనియోతో ఎక్కువ. మన దీవి నలుగురిలో నాలుగవవాడు, కల్లు గీసే తావితా గారి చిన్న కొడుకు, కొబ్బరిచెట్టు మీద ఉడుత వలె ఉంటాడు, వాడు. ఇద్దరిదీ ఒకటే చాప. నేను ఎవరితో నవ్వుతున్నానని అడిగారు. మీ ఉత్తరం చదువుతూ పసిబిడ్డ తల్లి మాట దగ్గర ఒంటరిగా నవ్వాను; నా భార్య వచ్చి ఏమైనదని అడిగింది.

ఈ ఉత్తరంలో మీకొక విషయం విన్నవించుకోవలసి ఉన్నది. ఎట్లు మొదలుపెట్టాలో తెలియక మూడు పొద్దులుగా కాగితం ముందర కూర్చొంటున్నాను.

రేవు కూలీల జట్టుతో ఒక ఆట ఆడించాను. ఫలానికోను పట్టుకొని పడవేయగలవారు వారిలో లేరు. బంతి చేత చిక్కిందంటే ముగ్గురిని ఈడ్చుకొంటూ కొస గీత దాకా వస్తాడు. గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే చాలు, అయిదు పాయింట్లు. ఎదుట ఎవరూ లేరు. అక్కడ ఆగుతాడు, అక్కయ్యా. ఆగి, వెనుదిరిగి, ఆ పూట ఇంకా ఎవరి చేతికి బంతి అందలేదో వెదకి, వారికి అందిస్తాడు. ఆ అందించడంలో కూలీలు వచ్చి లాగుకొంటారు. ఒకసారి కాదు, మొన్న ఒక్క ఆటలో మూడుసార్లు.

ఆట ముగిసిన తర్వాత అటాఫు వాడొకడు "అన్నా, అది చేప కాదు, బంతి. కుళ్ళిపోదు, నీ దగ్గరే కాసేపు ఉంచుకో" అన్నాడు. అందరూ నవ్వారు. ఫలానికో కూడా నవ్వాడు. "తెలుసురా. గీత కనపడగానే ఇంకా ఎవరికి రాలేదా అనిపిస్తుంది. చెయ్యి దానంతటదే పోతుంది" అన్నాడు. వాడి ముఖంలో దాపరికం లేదు.

మార్చడానికి ప్రయత్నించాను. ఆజ్ఞాపించలేను గనుక ప్రాధేయపడ్డాను. వాడు తల ఊపుతాడు. గీత దగ్గరకు రాగానే మళ్ళీ ఆగుతాడు. ఏడుగురిలో వాడి స్థానంలో ఆంటోనియోను దింపితే, బలం తగ్గినా, గీత దాటే మనిషి ఒకడు దొరుకుతాడు. ఫలానికోను గట్టున కూర్చోబెట్టగలవాడిని మాత్రం నేను కాను. అక్క కొడుకును పక్కకు తప్పించే అధికారం మేనమామకు లేదు. ఆ మాట ఒక్క మీ వద్ద నుండే రావాలి.

పదేళ్ళు నిండిన నాటి నుండి మనమిద్దరం ఒక గదిలో కూర్చొని మాట్లాడుకొన్నది లేదు. అది మన అక్కాతమ్ముళ్ళ మర్యాద, దానిని నేను తప్పుపట్టను. కాని ఈ మాట వ్రాస్తున్నప్పుడు మీ ముఖం ఎట్లున్నదో చూడగలిగితే, ఎక్కడ ఆపాలో తెలిసేది.

మీ తమ్ముడు
లుహియానో


నుకునోను,
ఏప్రిల్ 1994

లుహియానోకు,

ఉత్తరం అందింది.

ఓడ పగడపు దిబ్బ బయట ఆగింది; సాయంత్రం తిరిగి బయలుదేరుతుంది. అందుకని ఇప్పుడే రాస్తున్నాను. లేకపోతే కోపం తగ్గేదాకా ఆగి ఉండేదాన్ని.

వాడిని అట్లా పెంచింది నేను. వాడు రెండో అడుగు వేయకముందే చేతిలో కొబ్బరిముక్క పెట్టి, "ఇంకెవరికి లేదు, చూడు" అని తిప్పేదాన్ని. ఈ ఊళ్ళో ఏ తల్లయినా అదే చేస్తుంది. నీ చేత మన అమ్మ చేయించింది. ఆ గుణం ఒక బంతి దగ్గర పనికిరాదని, పన్నెండు దేశాలవాళ్ళ ముందు, నా కొడుకును గట్టున కూర్చోబెడతానంటావు. పైగా నన్నే చెప్పమంటావు.

ఇంతవరకు రాసి, లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను.

మీ బావకు చెప్పాను. ఆయన చేతిలోని వల పక్కన పెట్టారు. తర్వాత "ఆ మాస్టారు మనవాణ్ణి మెచ్చుకోవడానికి అంత పొడుగు ఉత్తరం రాశాడేమిటే" అన్నారు. మళ్ళీ చదివాను. కోపంలో నాకు కనిపించనిది ఆయనకు కనిపించింది.

ఈ ఊరు ఒక్క ఆట గెలవాలని నీవెంత ఆశపడుతున్నావో నాకు తెలుసు. నేనూ ఆశపడుతున్నాను, నా కొడుకు ఆడగా గెలవాలని. రెండూ కుదరకపోతే ఏది కావాలో నన్ను అడగవద్దు. నేను తల్లిని, నాకు తిన్నగా కనిపించదు. కనుక ఇదే నా మాట: ఫలానికో మీద నా హక్కును ఈ పోటీ ముగిసేదాకా నీకు వదిలేశాను. ఆడించినా సరే, మానిపించినా సరే. నీవు పక్కన పెడితే మేనమామ తప్పు చేశాడని ఈ దీవిలో ఎవరూ అనరు, అననివ్వను.

వాడికి చెప్పవలసి వస్తే నలుగురిలో చెప్పకు.

పడవవాళ్ళు కేకేస్తున్నారు.

తెలేహా


నుకునోను,
మే 1994

తమ్ముడు లుహియానోను దీవించి అక్క వ్రాయడమేమంటే:

ఓడ ఇంకా రాలేదు. వచ్చినప్పుడు పంపుదామని ముందుగానే రాసి ఉంచుతున్నాను.

మొదటిరోజు ఆటలు సావడిలో అందరితో కూర్చుని విన్నాను. ఫలానికో పేరు వినిపించినప్పుడల్లా మీ బావ నేలను చరిచారు. సమోవా చేతిలో ఓడారు, టోంగా చేతిలో ఓడారు, ఫిజీ చేతిలో ఎంతగా ఓడారంటే రేడియో అతను పాయింట్లు చెప్పేటప్పటికి మనవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. ఎవరూ బాధపడలేదు. అందరూ దాచుకున్న ఆశ మరునాటి నియువే ఆట మీద.

మరునాడు పెందరాళే వెళ్ళి ముందర కూర్చున్నాను. జట్టులో ఎవరెవరున్నారో పేర్లు చదవబోతూ, ఆ రేడియో అతను నీ లుంగీ గురించి, ఆ పూట అపియాలో వీస్తున్న గాలి గురించి ఒక మాట అన్నాడు. అంతకుమించి రాయను. సావడిలో ఒక్కరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి పెద్దపడవ సిమీ చాప అంచు కొరుకుతున్నాడు. తోడబుట్టినవాడి మీద నలుగురిలో అట్లాంటి హాస్యం పుడితే అక్క అక్కడ ఉండరాదు. లేచాను. ఆడవాళ్ళు తలలు దించుకుని దారి ఇచ్చారు. రేడియోకు మర్యాద నేర్పేవాళ్ళు ఎవరున్నారు? ఇకమీదట నడుముకు గట్టి పటకా కట్టుకో.

ఒడ్డు దాకా నడిచి అక్కడే నిలబడ్డాను. కొంతసేపటికి ఊరంతా ఒక్కపెట్టున అరిచింది. ఆ అరుపు సంతోషమో, గుండె పగలడమో, అంత దూరం నుండి నాకు తెలియలేదు. మీ బావ పరుగెత్తుకుని వచ్చారు. నోరు తెరవకముందే చెయ్యి అడ్డం పెట్టాను. "చెప్పకండి. లుహియానో ఉత్తరం వచ్చేదాకా ఎవరూ నాకు ఏమీ చెప్పవద్దు" అన్నాను.

ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు. తర్వాత ఆలోచిస్తే తెలిసింది. నేను వదిలేసిన హక్కును నీవు ఏం చేశావో, నా కొడుకును దింపావో పక్కన పెట్టావో, అది మన ఇద్దరి మధ్య మాట. ముందు ఊరి నోట వింటే అది ఊరి మాట అయిపోతుంది. పెద్దల సభకు కూడా అదే చెప్పాను. సభ పెద్ద, ముసలి మికాయేలె గారు "సరే, తెలేహా ముందు ఆట మాట ఎవరూ ఎత్తరాదు" అని తీర్మానం చేశారు. అపియా కబుర్లు అందుకునే వైర్‌లెస్ కుర్రవాడు నన్ను చూస్తే పక్క సందులోకి తిరుగుతున్నాడు. హెలెని మాత్రం "తెలేహా, నాకు తెలిసింది నీకు చెప్పకూడదటగా" అని వీధి అంతా వినిపించేలా గుసగుసలాడుతుంది. ఆమె నోటికి ముగ్గురు ఆడవాళ్ళు కాపలా.

కాని నాకు తెలిసిపోయింది, తమ్ముడూ. గెలిస్తే విందు చేద్దామని రెండు పందులను కట్టేశారు. అవి ఇప్పటికీ అరుస్తూనే ఉన్నాయి. పాట లేదు, ఆట లేదు. నన్ను చూడగానే మాటలు ఆగిపోతాయి, తల తిప్పుకుంటారు. కన్నీళ్ళు దాచుకునేవాళ్ళే అట్లా తిప్పుకుంటారు. ఓడిపోయారు. నీవు నామీది మర్యాద కొద్దీ వాణ్ణే దింపావు, వాడు గీత దగ్గర ఆగాడు. అంతేగా?

అదే అయితే, నీమీద నాకు కోపం లేదు. నా మాట నీకు ధైర్యం ఇవ్వలేకపోయిందని మాత్రం బాధగా ఉంది. ఉత్తరం కాకుండా ఎదురుగా ఉండి చెప్పి ఉంటే, నేను మనస్ఫూర్తిగా అన్నానని నీకు తెలిసేది. వాడిని ఏమీ అనకు. నీవు సరిగా తిను.

దక్షిణం వైపు కూర్చోవడం నాలుగు రోజులుగా మానేశాను. మళ్ళీ మొదలుపెడతాను.

అక్క
తెలేహా


అపియా,
మే 1994

గౌరవనీయురాలైన అక్కయ్య తెలేహాకు తమ్ముడు నమస్కరించి వ్రాయునది.

రేడియోలో మీరు అంతా వినే ఉంటారు. అయినా నేను చేసినది నేనే చెప్పాలి గనుక వ్రాస్తున్నాను. ఈ ఉత్తరం ఫలానికో చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఒడ్డున దిగగానే మీకు ఇమ్మని, తక్కిన మాటలన్నీ దీని తర్వాతనేనని చెప్పాను.

మొదటి రోజు మీ సెలవు నా జేబులోనే ఉన్నది, ఉపయోగించలేకపోయాను. ప్రతి ఆటకు ముందు వాడి వద్దకు వెళ్ళడం, "దప్పిక వేస్తున్నదా అల్లుడూ" అని అడిగి తిరిగి రావడం. టోంగాతో ఆడినప్పుడు వాడు గీత దగ్గర రెండుసార్లు ఆగాడు. ఫలితాల పలక మీద మన దేశం పేరులో ఒక అక్షరం జారిపోయి ఉంటే, కనీసం అదైనా సరిచేయించాను.

మరునాటి ఉదయం వాడు కొళాయి దగ్గర ముఖం కడుగుకొంటున్నాడు. తక్కినవారెవరూ లేరు.

"అల్లుడూ, నియువే ఆటకు నిన్ను దింపడం లేదు" అన్నాను.

ముఖం తుడుచుకొని, "అమ్మకు తెలుసా?" అన్నాడు.

"మీ అమ్మ సెలవిచ్చింది."

"నాకు ఆట రాదని రాశావా మామయ్యా?"

"పంచకుండా ఉండలేవని వ్రాశాను."

కొళాయి కట్టేశాడు. "పర్లేదు, అది రాసుకోవచ్చు" అన్నాడు. తర్వాత, "ఆంటోనియోకు నేనే చెప్తాను. నువ్వు చెప్తే భయపడి నిక్కర్ తిరగేసి తొడుక్కుంటాడు" అని వెళ్ళిపోయాడు. వాడి మెడ మీద నీళ్ళు అట్లే ఉన్నవి. పిలిచి తుడవాలనిపించింది. వాడి వయస్సు గుర్తుకు వచ్చి ఆగాను.

ఆట హోరాహోరీగా సాగింది. చివరి నిమిషానికి నియువే వారికి పది పాయింట్లు, మనకు ఏడు. రిఫరీ గడియారం చూచుకొంటున్నాడు. అప్పుడు ఎక్కడి నుండో బంతి ఆంటోనియో చేతిలో పడింది. మైదానం ఈ కొస నుండి ఆ కొస వరకు పరుగెత్తాడు; వాడి వెనుక దుమ్ము తప్ప ఎవరూ లేరు. గీత రెండు బారల దూరంలో ఉన్నది.

ఆగాడు, అక్కయ్యా. ఆగి, వెనుదిరిగి, బంతి ఇంకా అందనిది ఎవరికా అని చూచాడు. మూడు నెలలు మీ కొడుకుతో ఒక చాప మీద పడుకొన్న ఫలితం అది. నియువే వారు ముగ్గురు వాడి మీదకు వస్తున్నారు.

గట్టున ఫలానికో లేచి నిలబడ్డాడు. దిబ్బకు అవతల ఉన్న పడవలను పిలిచే గొంతు ఉన్నది కదా వాడికి, ఆ గొంతుతో కేక వేశాడు: "పంచకురా! నువ్వే తినెయ్!"

మైదానం మొత్తం అటు తిరిగింది. నియువే వారు సైతం. ఆంటోనియో బంతిని పొట్టకు అదుముకొని బోర్లా పడ్డాడు. గీతకు అవతల. పన్నెండు, పది.

మనం గెలిచాము.

కుర్రవాళ్ళు ఫలానికోను మోసుకొని తిరిగారు. ఆడనివాడిని ఎందుకు మోస్తున్నారని సమోవా వారు నన్ను అడిగారు. ఆ కేక వేసినది వాడేనని చెప్పాను. అప్పుడు అలవాటుగా జనంలో మీ కోసం వెదకాను. మీరు అక్కడ లేరని తెలుసు. ఉన్నా నా పక్కన నిలబడరనీ తెలుసు. అయినా వెదకాను.

ఈ ఓడలో నేను రావడం లేదు. ఆటగాళ్ళతో, బియ్యం బస్తాలతో చోటు నిండిపోయింది.

ఇట్లు, మీ తమ్ముడు
లుహియానో


నుకునోను,
జూన్ 1994

చిరంజీవి లుహియానోకు,

మే నెలలో నేను రాసినది నీకు ఈ ఉత్తరంతో పాటే చేరుతుంది. దానిని చదువు, చదివి నవ్వుకో, చింపవద్దు. అందులో నేను తెలివితక్కువగా కనిపిస్తాను. ఆ తెలివితక్కువతనం ఎంత సుఖంగా ముగిసిందో చెప్తాను.

మొన్న ఉదయం ఓడ కనిపించింది. ఊరంతా ఒడ్డుకు చేరింది. దిబ్బ సందులో నుండి పెద్దపడవ లోపలికి వచ్చింది. అందులో మన నలుగురూ నిలబడి ఉన్నారు. ఎవరూ పాట ఎత్తలేదు. దండలు చేతుల్లోనే ఉన్నాయి. ఆంటోనియో పడవలో నుండే అరిచాడు, "ఏమిటిది, ఎవరైనా పోయారా? మీ రేడియో పని చేయలేదా?" వాళ్ళమ్మ ఇసుకలో నుండి, "నోరు మూసుకోరా, తెలేహా పిన్ని ఇంకా చదవలేదు" అని కసిరింది. నాకు అప్పటికీ అర్థం కాలేదు.

ఫలానికో మోకాలి లోతు నీళ్ళలో దిగి వచ్చాడు. నన్ను పట్టుకోలేదు. రెండు చేతులతో ఉత్తరం అందించి, "మామయ్య ముందు ఇది చదవమన్నాడు" అన్నాడు. కళ్ళద్దాలు ఇంట్లో ఉన్నాయి. మికాయేలె గారు తన కళ్ళద్దాలు తీసి ఇచ్చారు. నీళ్ళలో నిలబడి చదివాను. ఊరు ఊరంతా నా ముఖం వైపు చూస్తున్నది. నీ వాక్యాలు పొడుగు కదా, వెనుక నుండి మీ బావ "ఇంకా ఎక్కడున్నావే? మాస్టారు చుక్క పెట్టడం మరచిపోయాడా?" అన్నారు. కొళాయి దగ్గర ఒకసారి ఆగాను, నిజమే. అప్పుడు మాత్రం ఎవరూ తొందరపెట్టలేదు. ఫలానికో తల వంచుకుని నీళ్ళలోకి చూస్తున్నాడు.

చదవడం ముగించి తలెత్తాను. "గెలిచారట" అన్నాను.

లుహియానో, వాళ్ళకు అది నెల రోజుల కిందటి కబురు. ఆ ఆట వాళ్ళు చెవులారా విన్నారు. అయినా నేను ఆ మాట అనగానే ఈ ఊరు అరిచిన అరుపు అపియాకు వినపడి ఉండాలి. అప్పుడే తెలిసినట్టు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నీళ్ళలో పడ్డారు. సిమీ బట్టలతో పడవ మీద నుండి దూకాడు. హెలెని నా భుజాలు పట్టుకుని ఊపేస్తూ, "నాకు మొదటినుంచీ తెలుసే! నీకు చెప్పలేదు చూడు! చెప్పానా?" అని అరిచింది. ఆ గెలుపును వీళ్ళు నా కోసం ఇన్నాళ్ళు నోట్లో పెట్టుకుని మింగకుండా తిరిగారు. దాచుకున్నవి కన్నీళ్ళనుకున్నాను, నవ్వులు. పందులకు మాత్రం ఆ రోజుతో ఆయువు తీరింది.

ఫలానికో అప్పుడు అడిగాడు, "అమ్మా, నేను ఆడలేదు. కోపమా?" వాడి తల నా భుజం మీద పెట్టుకున్నాను. వాడు వంగవలసి వచ్చింది. నీవు సరిగానే చేశావు. తల్లిగా నాకు ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటున్నది. అది నీకు చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే నిజం.

ఆ రాత్రి సావడిలో అందరూ ఒక్కసారే ఆ ఆట చెప్పారు. ఒక్కొక్కరి ఆటలో ఒక్కో రకంగా గెలిచాం. అందరివీ విన్నాను. కాని ఆట దగ్గర ఉన్నవాడివి నీవు, సావడిలో లేనివాడివీ నీవే. దండలు వేసేటప్పుడు ఒకటి మిగిలింది. ఎవరి మెడలో వేయాలో తెలియక పిల్లలు నన్ను అడిగితే, నా చేతికి ఇమ్మన్నాను.

వచ్చే ఓడలో చోటు లేదని రాయవద్దు. బియ్యం బస్తాల మీద కూర్చుని రా. ఒక గదిలో మనం కూర్చోలేము, అది అట్లాగే ఉండనీ. నీవు సావడిలో మగవాళ్ళ నడుమ కూర్చుని, కొళాయి దగ్గర నుండి మొదలుపెట్టి మొత్తం వాళ్ళకు చెప్పు. నేను తడికకు అవతల చాప అల్లుకుంటూ ఉంటాను. కొంచెం గట్టిగా చెప్పు.

అక్క
తెలేహా